మూగబొమ్మల పాఠభేదములు



మాటలు రాని కాలపు చలనచిత్రములను ఇప్పుడు డిస్కులమీద కెక్కించి, ఇంట టెలివిజనులో చూచుకొనుటకు వీలుగా అమ్ముచున్నారు. ఒకే చిత్రమునకు రెండు మూడు ప్రతులు దొరకును. పేరొక్కటే, కథ యొక్కటే. వెల వేఱు, నిడివి వేఱు, వినవచ్చు సంగీతము వేఱు. వీనిలో నమ్మదగినది ఏది, దానిని పోల్చుకొనుట యెట్లు అనునదే నేడు నేను మనవి చేయు సంగతి. వయసు మీఱినవారికి ఈ సినిమాల గొడవ యెందులకని మీలో కొందఱనుకొనవచ్చును. కాని తాటియాకుల కట్టలు విప్పి, ఒక ప్రతిలోని పద్యము వేఱొక ప్రతిలో లేకుండుట చూచి, ఏది కవి వ్రాసినది, ఏది వ్రాయసకాని పొరపాటు అని వాదించినవారు మన గ్రామములలోనే యుండిరి. వారి మనుమలకు ఈ చిక్కు కొత్తది కాదు. అది తాటియాకు, ఇది ఫిలిము, అంతే భేదము.

నేను సికింద్రాబాదునందలి చిలకలగూడలో కాపురమున్నాను. కొంతకాలము క్రిందట మా మేనమామగారు నల్లగొండ జిల్లాలోని తమ పల్లెనుండి వచ్చి మా యింట పదిదినము లుండిరి. ఎనుబదినాలుగేండ్లవారు; భారతము పలుమాఱులు చదివినవారు. ఆయనకు ప్రీతిగా నుండునని నేను బజారునుండి "ఎ త్రో ఆఫ్ డైస్" అను చిత్రపు డిస్కు తెచ్చితిని. పాచికల పందెము అని ఆ పేరున కర్థము. మన దేశమున దీనికి "ప్రపంచ పాశ్" అని పేరు. 1929 నాటిది. ఇంగ్లండు, జర్మనీ దేశముల సంస్థలతో కలిసి హిమాంశు రాయ్‌గారు తీయించిరి. దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ అను జర్మను దేశస్థుడు. ఇద్దఱు రాజులు, కణ్వుడను మునియొక్క కుమార్తెను ఇద్దఱును కోరుట, మోసపు పాచికలతో ఒకడు రెండవవాని రాజ్యమును, ప్రియురాలిని కూడ గెలుచుట, ఇది కథ. భారతములోని ద్యూతమే మూలమని వేఱుగ చెప్పనక్కఱలేదు. తీయించిన హిమాంశు రాయ్‌గారే దుష్టరాజు వేషము ధరించిరి. రాజపుత్రస్థానములోని కోటలయందు, పదివేలమంది జనముతో, వేయి గుఱ్ఱములతో, ఏబది ఏనుగులతో తీసినట్లు చెప్పుదురు.

ఆ డిస్కు అట్టమీద సిద్ధపఱచినవారి పేరైనను లేదు. వెల తక్కువ యని తెచ్చితిని. చిత్రము మొదలుకాగానే ఇంటిలోని పిల్లలు పకపక నవ్వసాగిరి. రాజులు పిచ్చుకలవలె గంతులు వేయుచున్నారు. ఏనుగులు మేకపిల్లలవలె పరుగెత్తుచున్నవి. కన్నీరు తుడుచుకొను స్త్రీ ఈగలు తోలుకొనుచున్నట్లున్నది. మామయ్యగారు నవ్వలేదు. కొంతసేపు చూచి నావైపు తిరిగి, "అల్లుడా, అప్పటి మనుషులు ఇట్లనే ఉరుక్కుంట నడిచిండ్రా? మా నాయన ఆ కాలపోడే గద. నిమ్మళంగ నడిచేటోడు" అనిరి.

ఆ ప్రశ్నకు నాకు సిగ్గు కలిగెను. ఆయన తండ్రిగారి నడకను ఆయన ఎఱుగును. నా డిస్కు ఆ నడకను అబద్ధము చేయుచుండెను.

ఇందులోని కిటుకు ఇది. ఫిలిము అనునది పొడుగాటి పట్టీ. దానిమీద చిన్న చిన్న బొమ్మలు వరుసగా నుండును. అడుగు పట్టీకి 16 బొమ్మలు. మూగచిత్రముల కాలమున కెమెరాను చేతితో పిడి త్రిప్పి నడుపుచుండిరి. సెకండునకు రెండు చుట్లు త్రిప్పినచో 16 బొమ్మలు పడును. ఒకడు కొంచెము వడిగా త్రిప్పును, ఒకడు మెల్లగా. పోను పోను 18, 20, 22 దాకను పోయినది. తరువాత మాటల చిత్రములు వచ్చెను. ధ్వనికి నిలుకడయైన వేగము కావలయును గావున సెకండునకు 24 బొమ్మలని స్థిరపఱచిరి. యంత్రములన్నియు ఆ వేగమునకే తయారయ్యెను. 16 చొప్పున తీసిన బొమ్మలను 24 చొప్పున త్రిప్పినయెడల మనిషి ఒకటిన్నర రెట్లు వడిగా నడువక యేమి చేయును? లెక్క చూడుడు. వేయి అడుగుల రీలులో 16,000 బొమ్మలు. సెకండునకు 16 చొప్పున అది 16 నిమిషముల 40 సెకండ్లు ఆడును. 24 చొప్పున త్రిప్పినచో 11 నిమిషములకే ముగియును. ఒక్క బొమ్మయైనను పోలేదు. పోయినది నడకలోని నిదానము. పాతకాలపువారు తింగరిగా నడిచిరని నేటి పిల్లలు నమ్ముటకు ఈ యంత్రదోషమే ముఖ్యకారణము.

టెలివిజనులో మఱియొక చిన్న మెలిక యున్నది. మన దేశమునను ఐరోపాలోను టెలివిజను పద్ధతి సెకండునకు 25 బొమ్మలు. 24 చొప్పున ఆడవలసిన చిత్రమును ఆ పద్ధతి డీవీడీలలో సాధారణముగా 25 చొప్పుననే ఆడింతురు. అందుచే 100 నిమిషముల చిత్రము 96 నిమిషములలో ముగియును. ఆ నాలుగు నిమిషములను ఎవరును కోయలేదు. కావున అట్టమీది నిమిషములు తక్కువగా నున్నంతమాత్రమున కత్తిరించిన ప్రతి యని తొందరపడి నిందింపరాదు.

కత్తిరించినదో, వడిగా త్రిప్పినదో తెలియుటకు సులభమైన ఉపాయమున్నది. చేతిగడియారము చాలును. రెండు ప్రతులలోను ఒకే ఘట్టమును తీసికొని, ఎన్ని సెకండ్లున్నదో వ్రాసికొనుడు. ఒకదానిలో 120, రెండవదానిలో 100 అనుకొందము. మఱి రెండు మూడు ఘట్టములు అట్లే చూడుడు. అన్నింటను ఆరింటికి అయిదు అను పాలే వచ్చినచో భేదము వేగమునందే. ఒక ఘట్టమున మాత్రము పాలు తప్పినచో అచ్చట ఏదో ఊడిపోయినదన్నమాట. నేనట్లు చూచుటకు రెండవ ప్రతి కావలసివచ్చినది. దానిని తెప్పించితిని.

ఆ రెండవది పరిష్కృత ప్రతి. లండనులోని బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూటువారు 2006లో ఈ చిత్రమును బాగుచేసిరి. మనకు స్వాతంత్ర్యము వచ్చి అఱువది యేండ్లయిన సందర్భమున, 2007 ఆగస్టు 30వ తేదీ రాత్రి లండను ట్రఫాల్గర్ స్క్వేరులో ఆరుబయట ప్రదర్శించిరి. నితిన్ సాహ్నీగారు దానికి కొత్తగా సంగీతము కూర్చిరి. లండన్ సింఫనీ వాద్యబృందమువారు వాయించిరి. నిడివి 74 నిమిషములు. దీనిని చూచినప్పుడు మా యింట పిల్లలు నవ్వలేదు. ఏనుగు ఏనుగువలె నడిచినది. టైటిలు కార్డు, అనగా మాటలు వ్రాసి చూపు పలక, చదువుకొనునంతసేపు నిలిచినది. మొదటి ప్రతిలో సగము చదువకమునుపే మాయమయ్యెడిది. పందెపు ఘట్టమున పాచికలు పట్టిన వ్రేళ్ళు, చూచువారి కనురెప్పలు కూడ తెలిసినవి. గడియారముతో చూడగా, మొదటి ప్రతిలో వేగదోషమే కాక రెండుచోట్ల ముక్కలు ఎగిరిపోయినట్లు కూడ తేలినది.

ఆకారము సంగతి యొకటి. పాత చిత్రముల తెఱ నాలుగు పాళ్ళ వెడల్పునకు మూడు పాళ్ళ యెత్తు. ఇప్పటి టెలివిజను పదునాఱింటికి తొమ్మిది. తెఱ నిండవలెనని కొందఱు బొమ్మను అడ్డముగా సాగదీయుదురు. అప్పుడు బక్కవాడును పహిల్వానగును. కొందఱు పైనను క్రిందను కోయుదురు. తలపాగాలు, పాదములు పోవును. ప్రక్కల నల్లని పట్టీలు వదలి బొమ్మను ఉన్నదున్నట్లు చూపునదే మంచి ప్రతి. సాగదీయుట మీ టెలివిజను చేయుచున్నచో దూరపు మీటలోనే సరిచేసికొనవచ్చును. డిస్కులోనే సాగదీసియున్నచో మందు లేదు.

రంగు విషయమునను భ్రమ కలదు. పాతవన్నియు నలుపు తెలుపు లనుకొందుము. రాత్రి ఘట్టములను పగలే తీసి, ఆ ఫిలిమును నీలిరంగు నీటిలో ముంచుట అప్పటివారి వాడుక. దీపపు వెలుగునకు పసుపుచాయ, మంటలకు ఎఱుపు. ఆ రంగులు తెలియని ప్రతిలో దొంగ మిట్టమధ్యాహ్నము కన్నము వేయుచున్నట్లుండును. చూచువాడు తీసినవానిని వెఱ్ఱివాడనుకొనును. ఇంక గీతలు, మచ్చలు తుడుచుట. కొంత తుడువవలసినదే. అతిగా తుడిచినచో మొగములు మైనపు బొమ్మల మొగములగును. చెరిగిన అక్షరముమీద కొత్త సిరాతో దిద్దిన వ్రాతప్రతివంటిదది. చూపునకు బాగుండును, నమ్ముటకు భయము.

ఇదంతయు వెలుపలి సంగతి. అసలు ప్రశ్న, ఈ డిస్కు ఏ మాతృకనుండి తీసినది అనునది. 1829లో వేమన పద్యములను అచ్చువేయించుటకు ముందు బ్రౌనుదొర ఊరూర ప్రతులు సేకరించి, పండితులచే ఒకదానితో నొకటి పోల్చి చూపించినట్లు మీలో చదివినవారెఱుగుదురు. చలనచిత్రములకును అట్టి పని కావలసియున్నది. మన దేశపు మొదటి కథాచిత్రమనబడు ఫాల్కేగారి "రాజా హరిశ్చంద్ర" బొంబాయిలో 1913 మే 3వ తేదీన ప్రదర్శింపబడినది. 1917లో ఆయనయే ఆ కథను మరల తీసిరి. నేడు మనకు దొరకు భాగము ఈ రెండవసారి తీసినదానిదని పరిశోధకులు నిర్ణయించిరి. అయినను 1913 అని అచ్చు వేసియే అమ్ముచుందురు. కవి పేరు మార్చి పుస్తక మమ్మినట్లున్నదిది.

దీనికంటె విచిత్రమైన కథ యొకటి ఐరోపాలో జరిగినది. ఫ్రాన్సు దేశమున జోన్ అను పల్లెపిల్లను పూర్వము మతద్రోహియని విచారించి కాల్చివేసిరి. ఆ విచారణను కార్ల్ డ్రేయర్ అను డెన్మార్కు దర్శకుడు 1928లో మూగచిత్రముగా తీసెను. నటి ఫాల్కొనెట్టి. చిత్రమంతయు దాదాపు మొగములే. ఆ సంవత్సరము డిసెంబరులోనే దాని మూలపు నెగెటివు బెర్లినులో అగ్నిప్రమాదమున కాలిపోయినది. డ్రేయర్ తాను విడిచిపెట్టిన ముక్కలు ఏఱుకొని, మొదటిదానిని పోలినట్లు రెండవ పాఠమును కూర్చెను. 1929లో అదియు కాలినది. తరువాత 1951లో లో ద్యూకా అనునతడు రెండవ పాఠపు ప్రతి యొకటి దొరకగా, దానికి తనకు తోచిన సంగీతము, తనకు తోచిన పలకలు చేర్చి లోకమున విడిచెను. డ్రేయరుకు అది నచ్చలేదు. అయినను జనులు చిరకాలము చూచినది దానినే. 1981లో నార్వే దేశపు రాజధాని ఓస్లోలో, ఒక మానసిక చికిత్సాలయమున మూల పడియున్న డబ్బాలలో, డేనిషు భాషాపలకలతో మొదటి పాఠపు ప్రతి దొరకినది. అది అచ్చటి కెట్లు చేరినదో ఇప్పటికిని నిశ్చయముగా తెలియదు.

ఈ చిత్రమునకు 2012లో ఇంగ్లండునందు వెలువడిన బ్లూరే డిస్కు నా దృష్టిలో పరిష్కర్త యెట్లుండవలెనో చూపు మాదిరి. సరియైన వేగము 20 బొమ్మలా, 24 బొమ్మలా అని పండితులలో భేదమున్నది. ఆ డిస్కులో రెండు వేగములను ఇచ్చిరి. 20 చొప్పున 97 నిమిషములు. 24 చొప్పున సుమారు 82. లో ద్యూకా పాఠము కూడ వేఱుగ చేర్చిరి. పాఠాంతరములను అడుగున చూపి, చదువరి తీర్పునకు వదలిన పుస్తకమువలె నున్నది. నా మటుకు నాకు 20 చొప్పునదే యిష్టము. కంటినుండి నీటిచుక్క జాఱుటకు పట్టవలసినంత కాలము దానిలోనే పట్టుచున్నది. మీరు 24 చొప్పున చూచి కాదందురేమో.

"మెట్రొపోలిస్" అను 1927 నాటి జర్మను చిత్రము మాటయు ఇచ్చటనే చెప్పవలెను. మొదటి ప్రదర్శనల తరువాత దానిలో పావువంతు కత్తిరించి పాఱవేసిరి. 2001 నాటి పరిష్కరణములో, పోయిన ఘట్టము వచ్చుచోట నల్లతెఱపై ఇచ్చట ఇట్లు జరిగినదని వ్రాసి చూపిరి. మన పండితులు గ్రంథపాతమని చుక్కలు పెట్టి విడిచినట్లు! 2008లో అర్జెంటీనా దేశపు బ్యూనస్ ఐరిస్ నగరమున పోయిన ముక్కలలో చాలభాగము దొరకినవి. అవి గీతలతో నిండియున్నవి. 2010 నాటి ప్రతిలో ఆ గీతలను దాచక, చేర్చిన ముక్క యిదియని తెలియునట్లు విడిచిరి. చూచుటకు కొంచెము కష్టమే. కాని ఏది యెక్కడిదో మోసములేదు.

సంగీతమును గూర్చి రెండు మాటలు. మూగచిత్రము మూగగా ఎన్నడును ఆడలేదు. తెఱ ప్రక్కన హార్మోనియము, తబలా; అక్షరములు రానివారికై పలకలను బిగ్గఱగా చదివి కథ చెప్పువాడొకడు; జనుల కేకలు, ఈలలు సరేసరి. డిస్కుమీది సంగీతము చాలవఱకు ఎవరో నేడు కూర్చినదే గాని ఆ కాలపుది కాదని గుర్తుంచుకొనవలెను. తాజమహలు కథపై 1928లో హిమాంశు రాయ్‌గారే తీయించిన "షిరాజ్" అను చిత్రమును అదే బ్రిటిష్ సంస్థవారు 2017లో బాగుచేయగా, అనుష్క శంకర్‌గారు సంగీతము కూర్చి, ఆ నవంబరులో మన హైదరాబాదులో కూడ తెఱ యెదుట కూర్చుండి తమ బృందముతో వాయించిరి. 2018లో అది డిస్కుగా వచ్చినది. ఆ సితారు వినుచుండగా కొన్నిచోట్ల బొమ్మను మఱచి సంగీతమునే విందుము. అది ఆమె ప్రతిభ. చిత్రమునకు మేలో కీడో చెప్పజాలను. ఒకమాఱు ధ్వని కట్టివేసి, ఒకమాఱు ధ్వనితో చూచినచో ఏది యెవరిదో తెలియును. విదేశపు డిస్కులు తెప్పించుకొనువారు ఇంకొకటి చూచుకొనవలెను. డీవీడీలకు ప్రపంచమును మండలములుగా విభజించిరి. ఇంగ్లండు 2వ మండలము, మనది 5వది. అన్ని మండలములకు తగిన యంత్రము లేనిచో డిస్కు కదలదు. నేనొకసారి ఇట్లు డబ్బు పోగొట్టుకొంటిని.

ఇంతవఱకు చెప్పినది ఉన్నవాని సంగతి. మన తెలుగువారి మూగచిత్రముల ప్రతులను పోల్చుదమన్నచో పోల్చుటకు ఏమున్నది? మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యగారు, లండనులో ఈ విద్య నేర్చి వచ్చిన కుమారుడు ప్రకాశ్‌గారును మదరాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను సంస్థ పెట్టి 1921లో "భీష్మప్రతిజ్ఞ" తీసిరి. దాని ప్రతి నేడెచ్చటను లేదు. 1922లో ధీరేంద్రనాథ గంగూలీగారు హైదరాబాదునకు వచ్చి లోటస్ ఫిలిం కంపెనీ స్థాపించి, ఈ నగరముననే పలు మూగచిత్రములు తీసిరి. 1924లో "రజియా బేగం" అను చిత్రమును ప్రదర్శించినందుకు నిజాము ప్రభువు ఆగ్రహించి ఆయనను రాజ్యము విడిచిపొమ్మనెను. ఆ లోటస్ చిత్రములును పోయినవి. 1932 ఫిబ్రవరి 6వ తేదీన వచ్చిన మొదటి తెలుగు మాటలచిత్రము "భక్త ప్రహ్లాద" కూడ దక్కలేదు. దేశము మొత్తము మీద సుమారు 1,300 మూగచిత్రములు తీయగా ముప్పదికైనను మిగులలేదు. మిగిలినవానిలో చాలవఱకు తునకలే. భారతకథలో జూదము మనకు డిస్కుమీద దొరకుచున్నది. భీష్ముని ప్రతిజ్ఞ దొరకదు.

ఎందుకు పోయినవనగా, మాటలు వచ్చిన తరువాత మూగవానిని అడుగువారు లేకపోయిరి. ఫిలిములోని వెండికొఱకు కరగించినవి కొన్ని. పైగా 1951 ప్రాంతము వఱకు వాడిన ఫిలిము నైట్రేటు అను పదార్థముతో చేసినది. అది పత్తిమందువంటిది, అంటుకొన్నచో నీటిలో ముంచినను ఆఱదు, మండుటకు వలయు ప్రాణవాయువు దానిలోనే యుండును. అంటుకొనకున్నను తేమకు జిగటయై, బుడగలు కట్టి, తుదకు గోధుమరంగు పొడియై రాలును. పూనాలో భద్రపఱచిన నైట్రేటు ఫిలిములే 2003లో పెద్ద యగ్నిప్రమాదమున కాలిపోయినవి.

మామయ్యగారు ఊరికి పోవు ముందుదినము పందెపు ఘట్టమును మరల వేయుమనిరి. మెల్లగా నడచు ప్రతినే వేసితిని. చూచుచు, "మా ఊరికి డేరా సినిమా తెచ్చెటాయన ఇంట్ల డబ్బాలు శాన ఉండేటియి. ఇప్పుడు ఆ ఇంటిమీద రేకులు గూడ లేవు" అనిరి. ఆ మాటతో నాకొక ఆలోచన తోచినది. దానిని మీకు చెప్పవలెననియే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. ఓస్లోలో దొరకినది ఆసుపత్రి మూలలో. మీ గ్రామమున పూర్వము డేరా సినిమా నడిపినవారి యింటను, మూతపడిన టాకీసు కొట్టులోను, అటకమీదను తుప్పుపట్టిన గుండ్రని రేకుడబ్బాలున్నవేమో చూడుడు. ఉన్నచో పాత ఇనుమువానికి తూచి యియ్యకుడు. మూత బలవంతముగా ఊడదీయకుడు; దగ్గఱకు దీపమును, బీడీని రానీయకుడు; ఎండలోను, నిదురించు గదిలోను ఉంచకుడు. చల్లని నీడపట్టున, గాలి యాడుచోట వేఱుగా పెట్టి, డబ్బాపైన వ్రాసినది కనబడునట్లు ఛాయాచిత్రము తీయించి, 1964లో పూనాయందు స్థాపింపబడిన జాతీయ చలనచిత్ర సంగ్రహాలయమునకు జాబు వ్రాయించుడు. ఆ జాబు వ్రాయుటకు మీ ఊరి బడిపంతులు గారు సాయము చేయుదురు.